టేక్‌డౌన్ సర్వీస్ రివ్యూ: కాపీ కేసులకి ఓకే, పరువు ప్యాకేజీ జోలికి మాత్రం పోకండి

ముందే చెప్పేస్తున్నా, కంపెనీ పేరు రాయట్లేదు. నెగటివ్ రివ్యూలు తీయించడమే పనిగా పెట్టుకున్న కంపెనీ మీద నెగటివ్ రివ్యూ రాస్తున్నా కదా, నా రివ్యూ మీదే నోటీస్ వస్తే ఆ గొడవెవరు పడతారు. పైగా ఈ టైపు సర్వీసులు దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి, కాబట్టి పేరు లేకపోయినా మీరు చూస్తున్న కంపెనీ ఎలాంటిదో అంచనా వేసుకోడానికి ఇది సరిపోతుందనుకుంటున్నా.

సర్వీస్ ఏంటంటే, మీ ఫొటోలో రాతలో ఎవరైనా ఎత్తేసి వాళ్ల సైట్‌లో పెట్టుకుంటే వీళ్లు వెతికి పట్టుకుని తీయిస్తారు, అది కాపీరైట్ ప్లాన్. మీ గురించి ఎవరైనా తప్పుడు రాతలు రాస్తే అవీ తీయిస్తాం అంటారు, అది రెప్యుటేషన్ ప్లాన్. రెండూ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతారు, విడిగా తీసుకునే ఆప్షన్ ఎక్కడో లోపల దాచి పెట్టారు. నేను కెమెరాలు, లెన్సుల మీద పెద్ద పెద్ద గైడ్లు రాస్తుంటా, అందులో ఫొటోలన్నీ నేను తీసినవే, కాపీ సైట్ల బాధ ఎప్పట్నుంచో ఉంది, దానికి తోడు ఈ మధ్య నా మీద ఒకాయన చాంతాడంత పోస్టు రాసాడు, సో రెండూ పనికొస్తాయని ప్యాకేజీ తీసుకున్నా.

రేటింగ్ ఇప్పుడే ఇచ్చేస్తా. కాపీరైట్ పార్ట్‌కి 5కి 4. రెప్యుటేషన్ పార్ట్‌కి 1, అది కూడా సున్నా ఇచ్చే వీలు లేక.

కాపీరైట్ దగ్గర మొదలుపెడదాం. సైనప్ అయ్యాక ఫస్ట్ అడిగింది ఆథరైజేషన్ లెటర్, తర్వాత ఒరిజినల్ రా ఫైల్స్ కొన్ని, ఏ ఆర్టికల్ ఎప్పుడు పబ్లిష్ చేసానో ఆ లింకులు. కొంతమందికి ఇదంతా చిరాగ్గా అనిపించొచ్చు గానీ నాకు నచ్చిన విషయమే ఇది. ఎందుకంటే అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టం ప్రకారం పంపే టేక్‌డౌన్ నోటీసులో, ఓనర్ తరఫున మాట్లాడే హక్కు నాకుంది అని, అది అబద్ధమైతే పెర్జురీ, అంటే తప్పుడు ప్రమాణం చేసినందుకు పడే శిక్షకి లోబడతామని ఒప్పుకుంటూ రాయాలి, అంటే ఊరికే ఫారం నింపి పంపేది కాదు. ఏ ప్రూఫూ అడక్కుండా లింకులు పంపండి చాలు అనే సర్వీసులు కూడా ఉన్నాయి, అలాంటి వాటి దగ్గరికే పోకండి.

ఇక్కడో మాట, చాలామంది కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయించుకోలేదు కాబట్టి మనకి హక్కు లేదనుకుంటారు. అలాంటిదేం లేదు. 1886 నాటి బెర్న్ అనే అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందం పుణ్యమా అని చాలా దేశాల్లో రాసిన క్షణం నుంచే, ఫొటో క్లిక్ చేసిన క్షణం నుంచే హక్కు పుట్టేస్తుంది, టేక్‌డౌన్ నోటీసుకి కూడా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అమెరికా రచన మీద అమెరికా కోర్టులో కేసు వేయాలంటే మాత్రం ముందు రిజిస్ట్రేషన్ పూర్తయి ఉండాలి, 2019లో వాళ్ల సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మా ఏజెంట్ ఈ తేడా అడగకుండానే చెప్పాడు, అందుకు మార్కులు.

వెతికి పట్టుకోవడంలో ఫొటోల సైడ్ అదిరిపోయింది. ఫొటోని అద్దంలోలా తిప్పేసినా, వాటర్‌మార్క్ కత్తిరించేసినా, రంగు మార్చేసినా పట్టేసింది, మామూలు రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో నాకు ఎప్పుడూ దొరకని కాపీలు బోలెడు బయటపడ్డాయి. రాతల సైడ్ మాత్రం అంత లేదు. రెండు పేరాలు తీసుకుని, నా పేరు చెప్పి, లింక్ ఇచ్చి, కింద తన అభిప్రాయం రాసుకున్న ఆయన పోస్టుని కూడా ఎర్రగా చూపించింది, అది దొంగతనం ఎలా అవుతుంది చెప్పండి, ఆయన నన్ను చదివి నాతో వాదిస్తున్నాడు అంతే. అసలు ప్రమాదం ఏంటంటే డాష్‌బోర్డ్‌లో ఆటో సెండ్ అని ఒక బటన్ ఉంటుంది, డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. అంటే మీరు చూడకపోయినా ఎర్రగా ఉన్నవన్నిటికీ మీ పేరు మీద నోటీసులు వెళ్లిపోతాయి. సైనప్ అవ్వగానే ముందు అది ఆఫ్ చేయండి, మిగతావి తర్వాత.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, 2007లో ఒకావిడ తన పిల్లాడు వంటింట్లో డాన్స్ చేస్తున్న 29 సెకన్ల వీడియో యూట్యూబ్‌లో పెట్టింది, వెనకాల ప్రిన్స్ పాట ఒకటి వినపడీ వినపడనట్టు వస్తుంటుంది, యూనివర్సల్ మ్యూజిక్ వాళ్లు నోటీస్ కొట్టి తీయించారు. ఆవిడ ఊరుకోలేదు, కేసు ఏళ్ల తరబడి నడిచి 2015లో అప్పీల్ కోర్టు ఏం చెప్పిందంటే, నోటీస్ పంపే ముందు అది ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండానే కొంత వాడుకోడానికి చట్టం ఇచ్చే వెసులుబాటు) కిందకి వస్తుందా లేదా అని పంపేవాళ్లు ఆలోచించి తీరాలి అని. తెలిసి తెలిసి తప్పుడు నోటీస్ పంపితే నష్టపరిహారం కట్టాల్సి వస్తుందని డీఎంసీఏలోనే 512 ఎఫ్ అని ఒక క్లాజ్ ఉంది. మరి ఆటో సెండ్ బటన్ ఏం ఆలోచిస్తుంది, ఎవరు ఆలోచిస్తారు? వాళ్ల టర్మ్స్ చదివితే ఆ బాధ్యతంతా క్లయింట్‌దే అని చక్కగా రాసి పెట్టుకున్నారు.

ఇంకో సైట్‌వాడు నా లెన్స్ గైడ్ మొత్తం తీసుకుని, అదే వరుసలో, అవే పాయింట్లు, కానీ ప్రతి వాక్యం సొంతంగా తిరగరాసి పెట్టాడు. ఒళ్లు మండింది. దీని మీద కూడా నోటీస్ పంపండి అన్నా. ఏజెంట్ ఒప్పుకోలేదు, ఐడియాలకీ ఫ్యాక్ట్స్‌కీ కాపీరైట్ ఉండదు, మీరు రాసిన తీరుకే ఉంటుంది, వాక్యాలు వేరే కాబట్టి ఇది కష్టం, పంపితే మనమే ఇరుక్కుంటాం అని రాసాడు. కోపం వచ్చినా కరెక్టే కదా. అదే కంపెనీ రెప్యుటేషన్ టీమ్‌కి ఈ నిజాయితీలో పావు వంతు ఉన్నా ఈ రివ్యూ వేరేలా ఉండేది.

నోటీస్ ఎక్కడికి పంపాలి అన్న విషయంలో వీళ్లకి మంచి పట్టుంది, డబ్బులు పెట్టేది దీనికే అనొచ్చు. మనం సొంతంగా చేస్తే సైట్ ఓనర్‌కి మెయిల్ కొట్టి, రిప్లై రాక, అక్కడితో ఆగిపోతాం. వీళ్లు సైట్‌కి, తర్వాత హోస్టింగ్ కంపెనీకి, తర్వాత సెర్చ్ ఇంజిన్‌కి వరసగా వెళ్తారు. హోస్టింగ్ ఎవరిదో చూద్దామంటే చాలా సైట్లకి ముందు క్లౌడ్‌ఫ్లేర్ అడ్డం ఉంటుంది, అది హోస్ట్ కాదు, మధ్యలో ఉండేది, మన కంప్లైంట్ తీసుకుని అసలు హోస్ట్‌కి పాస్ చేస్తుంది, ఇదంతా మనమే చేసుకోవాలంటే ఓపిక పోతుంది. హోస్టింగ్ కంపెనీలు ఎందుకు వింటాయంటే, నోటీస్ రాగానే తీసేస్తేనే వాళ్లకి సేఫ్ హార్బర్ అనే రక్షణ ఉంటుంది, వినకపోతే కాపీ కొట్టినవాడితో పాటు వాళ్లూ కోర్టులో నిలబడాల్సి రావొచ్చు.

కానీ ఒక మోసం లాంటిది చెప్పాలి. గూగుల్ సెర్చ్ రిజల్ట్స్ నుంచి లింక్ తీసేసినా డాష్‌బోర్డ్‌లో "రిమూవ్డ్" అనే చూపిస్తుంది, అసలు పేజీ సైట్ మీద నుంచే పోయినా అదే "రిమూవ్డ్". రెండూ ఒకటెలా అవుతాయి, మొదటి దాంట్లో పేజీ నిక్షేపంలా అక్కడే ఉంటుంది, సెర్చ్‌లో కనపడదు అంతే. రిపోర్టులో ఇన్ని తీయించాం అని చూపించే ఆ పెద్ద పర్సంటేజీలో సగం ఇదే. ప్రతి లింక్ నొక్కి చూసుకుంటే గానీ తెలీదు.

కౌంటర్ నోటీస్ సంగతి అయితే సేల్స్ పేజీలో ఒక్క ముక్క లేదు. అవతలివాడు "ఇది నాదే, తప్పుగా తీసేసారు" అని ఎదురు నోటీస్ ఇవ్వొచ్చు, ఇస్తే 10 నుంచి 14 పని దినాల మధ్యలో హోస్ట్ ఆ కంటెంట్ తిరిగి పెట్టేయాలి, మనం ఈలోపు కోర్టుకి వెళ్తే తప్ప. నా కేసుల్లో ఒక కాపీ సైట్‌వాడు సరిగ్గా ఇదే చేసాడు, పచ్చి అబద్ధం, అయినా రూల్ ప్రకారం చేసాడు. మా ఏజెంట్‌ని అడిగితే "లిటిగేషన్ మా స్కోప్‌లో లేదు" అని ఒక లైన్. పేజీ మళ్లీ వచ్చేసింది. భారత చట్టంలో కూడా ఇలాంటి లెక్కే వేరే అంకెలతో ఉంది, ఫిర్యాదు వచ్చిన 36 గంటల్లో ఆపాలి, 21 రోజుల్లోపు కోర్టు ఆర్డర్ తేకపోతే మళ్లీ పెట్టేసుకోవచ్చు. అంటే ఎక్కడైనా సరే నోటీస్ అనేది మొదటి మెట్టే, మొండోడు తగిలితే ఆఖరికి కోర్టే. ఈ విషయం డబ్బులు కట్టించుకునే ముందు చెప్పాలి.

ఒక ప్లస్ చెప్పడం మర్చిపోకూడదు. నోటీస్ మీద ఫిర్యాదుదారు కాంటాక్ట్ వివరాలు ఉండాలి, అది అవతలివాడికి చేరుతుంది. మీరు సొంతంగా పంపితే మీ అడ్రస్ ఎవడో ముక్కూమొహం తెలియని దొంగ సైట్‌వాడి చేతిలో పడుతుంది. సర్వీస్ ద్వారా పంపితే ఏజెంట్ అడ్రస్ వెళ్తుంది. వేధింపులు ఎదుర్కొంటున్నవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, ఒక్క ఈ కారణానికే ఇలాంటి సర్వీస్ తీసుకోవచ్చు అంటాను. అయితే గూగుల్ లాంటి కంపెనీలు తమకొచ్చిన నోటీసుల కాపీలని లూమెన్ అనే డేటాబేస్‌కి పంపుతాయి, ఇది హార్వర్డ్‌లో బెర్క్‌మన్ క్లైన్ సెంటర్ వాళ్లు మొదలుపెట్టిన ప్రాజెక్టు, మొదట్లో చిల్లింగ్ ఎఫెక్ట్స్ అనేవాళ్లు, 2015లో లూమెన్ అయింది. మీరు ఎవరి సైట్ మీద నోటీస్ పంపారో అక్కడ జనం వెతుక్కోవచ్చు. గుట్టుచప్పుడు కాకుండా తీయించేస్తాం అన్న మాట నమ్మకండి.

ఇప్పుడు అసలు కథ, రెప్యుటేషన్ ప్లాన్.

నా మీద రాసిన పోస్టులో మూడు రకాల మాటలున్నాయి. నా రాతలు సాగదీతగా, బోరుగా ఉంటాయి అన్నది ఒకటి. ఫలానా లెన్స్ విషయంలో నేను రాసింది తప్పు అన్నది ఒకటి. నేను కంపెనీల దగ్గర డబ్బులు తీసుకుని రివ్యూలు రాస్తానన్నది మూడోది. మొదటిది ఆయన అభిప్రాయం, నచ్చకపోతే మనం ఏం చేయలేం, చేయకూడదు కూడా. రెండోది వాదించుకునే విషయం. మూడోది మాత్రం నిజమా అబద్ధమా అని తేల్చగలిగే ఆరోపణ, అది అబద్ధం, నా పని మీద దెబ్బ కొట్టే అబద్ధం. దేశం ఏదైనా పరువు నష్టం చట్టం స్థూలంగా చూసేది మూడో రకాన్నే. నీ గురించి, మూడో మనిషికి చేరేలా, నీ పేరు చెడగొట్టేలా అన్న మాట అయి ఉండాలి, అది అభిప్రాయం కాక ఆరోపణ అయి ఉండాలి, నిజమైతే చాలా చోట్ల కేసు అక్కడితో అయిపోయినట్టే.

వీళ్ల సాఫ్ట్‌వేర్ మూడిటికీ ఒకటే ఎర్ర ట్యాగ్ వేసింది, "హై రిస్క్ నెగటివ్" అని. ఇంకా చెప్పాలంటే బోరు అన్న లైనుకే ఎక్కువ స్కోరు, ఎందుకంటే అందులో తిట్లు ఎక్కువున్నాయి, డబ్బులు తీసుకుంటాడు అన్న లైన్ మర్యాదగా రాసాడు కాబట్టి దానికి తక్కువ స్కోరు. ఇదే ఈ ప్రొడక్ట్‌లో పుట్టుకతో వచ్చిన లోపం. అది కొలిచేది మాట ఎంత చేదుగా ఉందని, చట్టం అడిగేది మాట అబద్ధమా కాదా అని. రెండిటికీ సంబంధం లేదు, ఎంత అప్‌డేట్ చేసినా రాదు.

తర్వాత కన్సల్టేషన్ కాల్. ఏజెంట్ అడిగిన మొదటి ప్రశ్న అది నిజమా కాదా అని కాదండీ, "ఆ పేజీలో మీ ఫొటో ఏమైనా ఉందా?" అని. ఉంది, నా ప్రొఫైల్ ఫొటో పైన పెట్టాడు. "అయితే పనైపోయినట్టే, కాపీరైట్ నోటీస్ కొడదాం, పేజీ మొత్తం లేచిపోతుంది" అన్నాడు. నాకు అర్థం కాలేదు, నా బాధ ఆ ఆరోపణ గురించి, ఫొటో గురించి కాదు కదా. పైగా ఆ ఫొటో తీసింది నా ఫ్రెండ్. ఫొటోలో ఉన్నవాడికి కాదు, మామూలుగా అయితే తీసినవాడికే కాపీరైట్. మరి ఆ హక్కు నాదని ప్రమాణం చేసి సంతకం పెట్టాలా? అడిగితే "అవన్నీ ఎవరూ చూడరు సర్" అన్నాడు. ఇందాక కాపీరైట్ టీమ్ వాళ్లు రా ఫైల్స్ దగ్గర్నుంచి అడిగారని మెచ్చుకున్నా కదా, అదే కంపెనీ, పక్క డిపార్ట్‌మెంట్, తలనొప్పి వస్తే మోకాలికి మందు రాయించుకోమంటున్నారు.

ఎందుకిలా చేస్తారో కాస్త చదివితే అర్థమైంది, నిజానికి ఇది చాలా ఇంట్రెస్టింగ్. అమెరికాలో 1996 నాటి చట్టంలో సెక్షన్ 230 అని ఉంది, యూజర్లు రాసిన మాటలకి ప్లాట్‌ఫామ్‌ని ప్రచురణకర్తగా చూడకూడదు అని. 1997లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ మీద వచ్చిన జెరాన్ కేసులో అప్పీల్ కోర్టు దాన్ని ఇంకా బిగించింది, ఫిర్యాదు వచ్చాక కూడా తీయకపోయినా పరువు నష్టం విషయంలో ప్లాట్‌ఫామ్‌కి రక్షణ ఉంటుందని. 2018లో అయితే కాలిఫోర్నియాలో ఒక లాయరమ్మ రివ్యూ రాసినవాళ్ల మీద కేసు గెలిచి, ఆ రివ్యూలు తీసేయమని యెల్ప్ అనే రివ్యూ సైట్‌కి కూడా ఆర్డర్ తెచ్చుకుంటే, రాష్ట్ర సుప్రీంకోర్టు యెల్ప్‌ని అలా బలవంతపెట్టడం కుదరదంది. అదే సెక్షన్ 230లో ఒక మినహాయింపు ఉంది, మేధోసంపత్తి చట్టాలకి ఇది వర్తించదు అని. అర్థమైందా, పరువు నష్టం అని ప్లాట్‌ఫామ్ తలుపు కొడితే తీయరు, కాపీరైట్ అని కొడితే పరిగెత్తుకొచ్చి తీస్తారు. అందుకే రెండో తలుపు దగ్గర ఇంత రద్దీ.

భారత్‌లో కూడా ఇదే వంకర ఇంకో రూపంలో ఉంది. 2015లో శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు, కోర్టు ఆర్డరో ప్రభుత్వ నోటిఫికేషనో వస్తేనే ప్లాట్‌ఫామ్‌కి "తెలిసినట్టు" లెక్క, తీయాల్సిన బాధ్యత అప్పుడే అంది, ఎవరో మెయిల్ పంపితే చాలదు. కాపీరైట్ దగ్గరికొచ్చేసరికి 2016లో మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్ కేసులో ఢిల్లీ హైకోర్టు, ఓనర్ నిర్దిష్టంగా లింకులు చూపిస్తే కోర్టు ఆర్డర్ అక్కర్లేదంది. ఇంగ్లండ్ కాస్త వేరు, 2013 డిఫమేషన్ చట్టంలో వెబ్‌సైట్లకి ఒక ప్రొసీజర్ పెట్టారు, ఫిర్యాదు వస్తే రాసినవాడికి పంపి సమాధానం అడగాలి, దాంతోపాటు సీరియస్ హాని జరిగిందనో జరిగే అవకాశం ఉందనో చూపిస్తేనే దావా నిలుస్తుంది. యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లో ఉంది, అక్కడ ఏది తీసినా ఎందుకు తీసారో రాసినవాడికి కారణం చెప్పాలి. నా పోస్టుకి ఏ దేశం చట్టం వర్తిస్తుందని ఏజెంట్‌ని అడిగా. "ఇంటర్నెట్ లా సర్, గ్లోబల్" అన్నాడు. అలాంటిది ఏదీ లేదు మహానుభావా. 2002లోనే ఆస్ట్రేలియా హైకోర్టు అమెరికాలో ప్రచురించిన ఆర్టికల్ మీద తమ దేశంలో చదివారు కాబట్టి తమ దేశంలోనే కేసు వేసుకోవచ్చంది, దానికి విరుగుడుగా అన్నట్టు అమెరికా 2010లో ఇంకో చట్టం చేసుకుంది, తమ వాక్ స్వాతంత్ర్యం ప్రమాణాలకి సరితూగని విదేశీ పరువు నష్టం తీర్పులని తమ కోర్టులు అమలు చేయవని. ఎక్కడ కేసు వేస్తామన్నదే సగం కేసు, దాన్ని ఒక్క మాటలో కొట్టిపారేసాడు.

ఫొటో నోటీసుకి నేను ఒప్పుకోలేదని ఇంకో "మెథడ్" ఉంది, మా పార్ట్‌నర్ సైట్లున్నాయి, డీటెయిల్స్ అక్కర్లేదు అన్నాడు. డీటెయిల్స్ నాకు తెలుసు లెండి. ఈ రంగంలో పాత ట్రిక్ ఇది. మీకు నచ్చని ఆర్టికల్‌ని అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి ఎవరికీ తెలియని సైట్‌లో పాత తేదీ వేసి పెడతారు, తర్వాత అసలు ఆర్టికలే దొంగది అని కాపీరైట్ నోటీస్ పంపుతారు. దొంగే దొంగా దొంగా అని అరవడం. ఇలాంటి నోటీసులు లూమెన్‌లో తవ్వితే కనపడుతుంటాయి. 2016లో అమెరికాలో లా ప్రొఫెసర్ యూజీన్ వోలోక్, లాయర్ పాల్ లెవీ కలిసి ఇంకో ఘోరం బయటపెట్టారు, ఉనికిలో లేని మనుషుల మీద దావాలు వేసి, వాళ్లే ఒప్పేసుకున్నట్టు కాగితాలు పెట్టి, కోర్టు ఆర్డర్లు తెచ్చి, వాటితో సెర్చ్ నుంచి లింకులు తీయించుకుంటున్నారని. 2023 నవంబరులో గూగులే కాలిఫోర్నియాలో దొంగ నోటీసులు పంపినవాళ్ల మీద కేసు వేసింది, ఆ ఫిర్యాదు ప్రకారం పోటీ వ్యాపారాలని దెబ్బకొట్టడానికి లక్షకి పైగా లింకుల మీద నోటీసులు కొట్టారు. అంటే ఈ మెథడ్ పట్టుబడదు అన్న గ్యారంటీ ఏం లేదు, పట్టుబడితే క్లయింట్ పేరే బయటికొస్తుంది, పార్ట్‌నర్ సైట్ పేరు కాదు.

మూడో ఆప్షన్ సప్రెషన్. పోస్టు తీయకుండా, నా పేరు మీద మంచి మంచి ఆర్టికల్స్ గుట్టలుగా వేసి దాన్ని సెర్చ్‌లో కిందకి తోసేయడం. చట్టపరంగా తప్పేం లేదు, కానీ నెలల తరబడి సాగుతుంది, వాళ్లకి నెల నెలా బిల్లు. ఇక్కడ ఎవరూ చెప్పని విషయం ఒకటుంది, పరువు నష్టం దావాకి గడువు చాలా తక్కువ. ఇంగ్లండ్‌లో ఏడాది, భారత్‌లో ఏడాది, కాలిఫోర్నియాలో ఏడాది. అమెరికాలో, 2013 చట్టం తర్వాత ఇంగ్లండ్‌లో కూడా, పోస్టు ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉంది కదా అని గడువు రోజూ కొత్తగా మొదలవ్వదు, మొదట పెట్టిన తేదీ నుంచే లెక్క. వీళ్ల సప్రెషన్ కోర్స్‌లో కూర్చుంటే ఆ ఏడాది హాయిగా కరిగిపోతుంది, తర్వాత నిజంగా లాయర్ దగ్గరికి వెళ్దామన్నా చేతిలో ఏం ఉండదు. రెప్యుటేషన్ పేరుతో అమ్మే ప్యాకేజీలో గడువు తేదీ అనే గడి ఒక్కటి కూడా లేదు చూడండి, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే.

ఇక లీగల్ లెటర్ అని ఒకటి పంపుతారు, టెంప్లేటే, నేను డ్రాఫ్ట్ చూసి ఆపించా. 24 గంటల్లో తీయకపోతే సివిల్, క్రిమినల్ చర్యలు అని ఎర్ర అక్షరాలు. ఇలాంటివి అవతలివాడు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే ఏమవుతుందో 2003లో అమెరికన్ గాయని బార్బ్రా స్ట్రైసాండ్‌కి తెలిసొచ్చింది. కాలిఫోర్నియా తీరం కోతని రికార్డ్ చేయడానికి తీసిన దాదాపు 12 వేల ఫొటోల్లో ఒక దాంట్లో ఆవిడ ఇల్లు పడింది, 5 కోట్ల డాలర్లకి దావా వేసింది. దావాకి ముందు ఆ ఫొటో డౌన్‌లోడ్ అయింది 6 సార్లు, అందులో 2 ఆవిడ లాయర్లవే. వార్త బయటికొచ్చాక నెలలో 4 లక్షల మందికి పైగా చూసారు, దావా కొట్టేసారు, ఇలా జరగడానికి ఆవిడ పేరే పెట్టేసారు. నా మీద పోస్టుని అప్పటికి చదివింది ఎంతమందో కింద కామెంట్లు చూస్తే తెలుస్తుంది, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

చివరికి ఏం పనిచేసిందంటే, నేనే ఆయనకి మెయిల్ రాసా. మీరు నన్ను బోరు అన్నారు, సరే, అది మీ ఇష్టం. డబ్బులు తీసుకున్నానన్న లైనుకి మాత్రం ఆధారం చూపించండి, లేకపోతే సరిచేయండి అని, లెన్సులు నేను అద్దెకి తెచ్చుకున్న రసీదులు జత చేసా. ముందే పేజీని స్క్రీన్‌షాట్లు తీసి, వెబ్ పేజీల పాత కాపీలు దాచి ఉంచే వేబ్యాక్ మెషిన్‌లో కూడా సేవ్ చేసి పెట్టుకున్నా, ఎందుకైనా మంచిదని, గొడవ ముదిరితే పేజీ మారిపోయాక ఏముందో చూపించలేం. ఆయన ఆ లైన్ తీసి, కింద సవరణ అని రాసాడు. మిగతా తిట్లు అలాగే ఉన్నాయి, ఉండనివ్వండి. తమాషా ఏంటంటే వారం తిరక్కుండా మా డాష్‌బోర్డ్‌లో ఆ ఐటమ్ పక్కన ఆకుపచ్చ టిక్ పడింది, "రిజాల్వ్డ్ బై అవర్ టీమ్" అని.

బ్రాండ్ ప్రొటెక్షన్ అని ఇంకో యాడాన్ ఉంది, మీ పేరుకి దగ్గరగా ఉండే డొమైన్లు ఎవరైనా కొంటే తీయించేది, డొమైన్ పేర్ల తగాదాలు తేల్చడానికి 1999 నుంచి ఉన్న యూడీఆర్‌పీ ప్రొసీజర్ ద్వారా. నేను వాడలేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, దానికి మీకు ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కు ఉండాలి, అవతలివాడికి ఆ పేరుతో న్యాయమైన సంబంధం లేదని, దురుద్దేశంతోనే కొని వాడుతున్నాడని కూడా చూపించాలి. నా పేరుతో డొమైన్ కొన్నాడు అన్న ఒక్క కారణం చాలదు. మీ పేరూ ఫొటోతో ఫేక్ ప్రొఫైల్ పెట్టినవాడి గురించి అయితే ఏ ప్లానూ వద్దు, ప్లాట్‌ఫామ్‌లోనే ఇంపర్సనేషన్ రిపోర్ట్ ఫారం ఉంటుంది, అది వాడండి.

ఎవరికి పనికొస్తుందంటే, వందల్లో ఫొటోలుండి రోజూ కాపీ అయ్యేవాళ్లకి కాపీరైట్ ప్లాన్ ఒక్కటే తీసుకోండి, లోపల దాచిన ఆ విడి ఆప్షన్ సెట్టింగ్స్‌లో బిల్లింగ్ పేజీ అడుగున ఉంటుంది. నెలకి ఒకటో రెండో కాపీలు దొరికేవాళ్లకి ఇది దండగ, గూగుల్, యూట్యూబ్ ఫారాలు ఫ్రీగానే ఉన్నాయి, ఓ అరగంట కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. కొనే ముందు మాత్రం ఆ కంపెనీ పేరు లూమెన్‌లో కొట్టి చూడండి, వాళ్లు పంపిన నోటీసులు వార్తాసంస్థల మీద, రివ్యూ పేజీల మీద ఎక్కువగా ఉంటే మీకు విషయం అర్థమైపోతుంది. నిజంగా పరువు పోయే ఆరోపణ ఉంటే, ఆధారాలు సేవ్ చేసుకుని ఒక గంట లాయర్‌తో మాట్లాడితే వచ్చే స్పష్టత వీళ్ల ఏడాది ప్యాకేజీలో రాదు.

క్యాన్సిల్ చేసేవాళ్లకి: ఆటో రెన్యూవల్ ఆఫ్ చేస్తే బిల్లు ఆగుతుంది గానీ ఆథరైజేషన్ లెటర్ ఆగదు, అంటే మీ తరఫున నోటీసులు పంపే హక్కు వాళ్ల దగ్గరే ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని విడిగా మెయిల్ పెట్టాలి, రా ఫైల్స్ డిలీట్ చేసామని రాతపూర్వకంగా చెప్పమని అదే మెయిల్‌లో అడగండి. నాకు సపోర్ట్ చాట్‌లో అడిగితే సరే సరే అన్నారు, చేసింది మాత్రం మెయిల్ పెట్టాకే.